పర్ర ఆరితేనే బండి

"ఏందబ్బయ్యా ఇది, పడవా, బండా?"

ఒంగోలు దగ్గర కొత్తపట్నం సముద్రపు ఒడ్డున ట్రాలీ ఆటోలోంచి దాన్ని మొదటిసారి దించుతుంటే, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అడిగాడు. మూడు చక్రాలు, వెనక్కి వాలి కూర్చునే సీటు, 13 అడుగుల కొయ్య, దానికో తెరచాప. ఇంజను లేదు, బ్రేకు లేదు. "రెండూ" అన్నాను. వల పక్కన పడేసి ఆయన చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. పాపం, ఆ రోజు ఆయనకు చూసేంత ఏమీ దొరకలేదు. బండి నాలుగు గజాలు కదిలి ఇసుకలో కూరుకుపోయింది.

ఈ పిచ్చి నాకు ఒంగోల్లో పట్టింది కాదు. ఉద్యోగం పేరుతో మూడు చలికాలాలు అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్నాను. అక్కడ మెండోటా సరస్సు గడ్డకట్టాక జనం దానిమీద తెరచాప బళ్లు నడుపుతారు. ఆఫీసులో నా పక్క సీటాయనకు డీఎన్ అనే రకం బండి ఉండేది. 1937లో డెట్రాయిట్ న్యూస్ పత్రిక వర్క్‌షాపులో తయారైన నమూనా అది, పేరులోని రెండక్షరాలూ ఆ పత్రికవే. 12 అడుగుల చెక్క ఒళ్లు, అడ్డంగా 8 అడుగుల పలక, 60 చదరపు అడుగుల తెరచాప, కింద మూడు ఇనుప పట్టీలు. తోసుకుంటూ పరుగెత్తి, అది కదలగానే ఎగిరి లోపల పడుకోవాలి. మొదటిసారి నేను ఎగిరేసరికి బండి ముందే వెళ్లిపోయింది. నేను మంచుమీద బోర్లా పడి ఉన్నాను.

రెండోసారి ఎక్కాను. చెవుల్లో గాలి హోరు, కింద కత్తి నూరుతున్నట్టు చప్పుడు. పక్కనుంచి వీస్తున్న గాలి కాసేపటికే ముక్కుమీద కొట్టడం మొదలైంది. ఆయన తర్వాత వివరంగా చెప్పాడు. గాలి వాటాన నేరుగా పోతే గాలిని మించలేం. దానికి అడ్డంగా పోతే లెక్క మారుతుంది. మోపెడ్ మీద పోతుంటే ముఖానికి కొట్టే గాలి ఉంటుందే, అలాంటిది పుట్టి అసలు గాలితో కలుస్తుంది. తెరచాపకు తగిలేది ఆ రెండూ కలిసిన గాలి. పడవనైతే నీళ్లు పట్టి ఆపుతాయి. మంచుకు ఆ పట్టు లేదు. అందుకే వీస్తున్న గాలికి మూడింతలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వేగం కూడా వస్తుంది.

అయితే ఆ ఆటలో ఆడేదానికంటే ఎదురుచూడటమే ఎక్కువ. గడ్డ చాలినంత మందం కట్టాలి, దానిమీద మంచు కురవకూడదు. నాలుగంగుళాల మంచు కురిస్తే ఆ వారం పోయినట్టే. వేసవిలో కొందరు ఇనుప పట్టీలు తీసి చక్రాలు బిగించుకుని, నీళ్లు ఎండిపోయిన సరస్సుల మీద నడుపుతారు. అదే కొయ్య, అదే తెరచాప. ఏడాది పొడవునా ఆట అంటే ఇదన్నమాట. 2021లో ఒంగోలు తిరిగొచ్చేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ చక్రాల సంగతే. మనకు గాలికి కొదవేముంది? సముద్రం 18 కిలోమీటర్లు.

చట్రం వెల్డింగ్ షాపులో అయిపోయింది, దాని గురించి చెప్పేదేమీ లేదు. తెరచాప దగ్గరే పది రోజులు పట్టింది. మొదట ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి కత్తిరించాను. గాలి పట్టగానే నాయకుడి సగం ముఖం ఉబ్బి, ఉంగరాలు వేసిన చోట చిరిగిపోయింది. చివరికి షామియానాలు కుట్టే ఒక దర్జీ దగ్గరికి పాలిస్టర్ గుడ్డ పట్టుకెళ్లాను. సాపుగా కుట్టిస్తే అది వట్టి పరదా అవుతుంది. ముందంచు దగ్గర చిన్న పొట్ట రావాలి, వెనకంచు సాపుగా ఉండాలి. ఈ మాట ఆయనకెలా చెప్పాలో తెలీక కాగితం మీద గీస్తున్నాను. ఆయన చూసి, "ఇంతేనా? జాకెట్టుకు డాట్ వేస్తాం కదా, ఆ పనేగా" అన్నాడు. నాలుగు ముక్కలు కోసి, ప్రతి ముక్క అంచునూ ముందువైపు వేలెడు వంపుతో కత్తిరించి జత కలిపాడు. నేను ఇంటర్నెట్లో వారం రోజులు చదివి సగం అర్థం చేసుకున్న సంగతి అది.

తెరచాప కుదిరింది, ఒడ్డు కుదరలేదు. మన ఒడ్డు వాలు ఎక్కువ, గట్టిగా ఉండే తడి ఇసుక సన్నటి పట్టీ. అమావాస్య, పున్నమి రోజుల్లో సముద్రం పాటుకు బాగా వెనక్కి తీసినప్పుడు కాస్త వెడల్పు దొరికేది. అప్పుడు కూడా అలివి వల తాళ్లు అడ్డం. ఒడ్డునుంచి నీళ్లలోకి మెడ ఎత్తున లాగి ఉంటాయి, దూరం నుంచి కనపడవు. ఒకసారి పది గజాల్లో చూశాను. నా తెరచాప తాడు వదిలేసి, అది పటపటా కొట్టుకుంటుండగా బండిని గాలికి ఎదురు తిప్పి ఆపాను. ఈ బండికి బ్రేకు అంటే అదే. ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అమ్మకు చెప్పలేదు.

ఇక అటకెక్కిద్దాం అనుకుంటుండగా, 2022 డిసెంబరులో ఒక వార్త చదివాను. గాలితో నేలమీద నడిచే బండి వేగంలో కొత్త రికార్డు. న్యూజిలాండ్ జట్టు కట్టిన హోరోనుకు అనే బండిని గ్లెన్ ఆష్‌బీ గంటకు 222.4 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. అంతకుముందు 2009లో రిచర్డ్ జెంకిన్స్ గ్రీన్‌బర్డ్ అనే బండి మీద 202.9 అందుకున్నాడు. అంకెలకంటే ఫొటోలో కింద ఉన్న నేల నన్ను ఆపేసింది. దక్షిణ ఆస్ట్రేలియాలో గెయిర్డ్‌నర్ సరస్సు. నీళ్లు ఎండి, ఉప్పు పేరుకుని, కనుచూపు మేర తెల్లగా, సాపుగా ఉంది. అచ్చం మెండోటాలా ఉంది. అంతకంటే దగ్గరగా మా పర్రలా ఉంది!

సరుగుడు తోటలు దాటి, బకింగ్‌హాం కాలవ వైపు ఉండే చవుడు నేల అది. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం తెల్లటి పొర కడుతుంది. అటుపక్క ఉప్పు మళ్లు. మా తాత చిన్నప్పుడు ఆ కాలవలో తెరచాపలెత్తిన పడవలు ఉప్పు మోసుకెళ్లడం చూశాడట. నేను అన్నాళ్లూ ఆ నేలని దాటి ఒడ్డుకు వెళుతూ వచ్చాను. గాలి గాలి అని తిరిగాను గానీ, కావాల్సింది నేల అని తట్టలేదు.

2023 మార్చిలో బండి అక్కడికి చేరింది. మోపెడ్ చక్రాలు తీసేసి, సిమెంటు తోసే ఒంటిచక్రం బళ్లకు వేసే లావు చక్రాలు బిగించాను. మధ్యాహ్నం మూడింటికి సముద్రపు గాలి తిరిగింది. తాడు లాగాను. కదిలింది, ఆగలేదు. పెంకులాంటి ఉప్పుపొర చక్రాల కింద పటపటా విరుగుతోంది, వెనక తెల్లటి ధూళి. ఫోన్లో గంటకు 47 కిలోమీటర్లు చూపించింది. పెద్ద వేగమేం కాదు, హైవే మీద బస్సు ఇంతకంటే జోరుగా పోతుంది. అడుగు ఎత్తులో పడుకుని ఉంటే మాత్రం 47 అంటే 47 కాదు.

మూడో రోజు పల్టీ కొట్టాను. పైకి ఆరినట్టున్న చోట పొర కింద బురద. ముందు చక్రం దిగబడింది, నేను ఎగిరి పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి మోచేతులతో పోయింది. అక్కడే గేదెలు మేపుతున్న ఒకాయన పరుగున వచ్చి లేపాడు. నన్ను కాదు, నేలని చూశాడు. "గేదె కాలు దిగిన చోట నీ బండీ దిగుద్ది. అడుగులు చూసుకోవా?" అన్నాడు. మాడిసన్‌లో తెరచాప ఎత్తేముందు మంచుకు రంధ్రం వేసి మందం కొలిచేవాళ్లు, మెడలో మేకుల జత వేసుకునేవాళ్లు, నీళ్లలో పడితే గడ్డకు గుచ్చి పైకి పాకడానికి. నేను అవన్నీ చూసి కూడా ఇక్కడ నడిచి చూడకుండా బండెక్కాను. ఇప్పుడు ముందు అరగంట ఆయనతో నడుస్తాను. గేదె అడుగు లోతుగా ఉన్న చోట సరుగుడు కొమ్మ పాతుతాం.

ఉప్పు సంగతి చెప్పకపోతే తప్పు. మొదటి నెల్లోనే రెండు బేరింగులు పట్టేశాయి. ఆట అయిన వెంటనే మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, గ్రీజు నింపాలి. ఇంట్లో ఈ పనికి నీళ్లు వాడటం మీద జరిగిన గొడవలు వేరే కథ.

ఒడ్డుని పూర్తిగా వదల్లేదు. పర్రలో నీళ్లున్న జనవరి, ఫిబ్రవరుల్లో పాటు చూసుకుని, ఉదయాన్నే, పాలెం పెద్దలకు చెప్పి వెళతాను. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు కాబట్టి పొడి ఇసుక జోలికి పోను. కార్తీక పౌర్ణమికి ఒడ్డంతా జనమే, ఆ వారం బండి తీయను.

పోయిన ఏడు ఈశాన్య వానలు ఆలస్యంగా తగ్గాయి. మెండోటా గడ్డకట్టిందని పాత స్నేహితుడు జనవరిలో ఫొటో పంపితే, నేను అడుగు నీళ్లున్న పర్ర ఫొటో పంపాను. మార్చి రెండో వారంలో, పొద్దున్నే ఫోను మోగింది. గేదెలాయన.

"అబ్బయ్యా, ఆరింది. నిన్నట్నుంచి ఒక్క గేదె కాలూ దిగట్లా."

ట్రాలీ ఆటోకు ఫోన్ చేశాను.