కాకి కాస్తా తాతి అయితే

మా వాడికి మూడేళ్ళు. వాడి నోట్లో కాకి తాతి, కోతి తోతి, గిన్నె దిన్నె. మా అత్తగారు ముద్దుచేస్తూ "తాతి వచ్చిందా నాన్నా?" అని అడిగితే మాత్రం ఒప్పుకోడు. "తాతి కాదు, తాతి!" అని కాలు నేలకేసి కొడతాడు. ఆవిడ "కాకి వచ్చిందా?" అన్నాకే "ఆ, తాతి" అని శాంతిస్తాడు. వాడి చెవికి తేడా బాగా తెలుసు, నాలుకకే ఇంకా పట్టుబడలేదు. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనే పరిశోధకులు ఇలాంటి పిల్లాడి గురించే రాశారు. తన చేప బొమ్మను 'ఫిష్' అనలేక 'ఫిస్' అనేవాడట, పెద్దవాళ్ళు 'ఫిస్' అంటే మాత్రం కాదనేవాడట.

మా వాడి మాటల్లో ఎంత పద్ధతి ఉందో గమనించాక నాకు వాడి మీద గౌరవమే కలిగింది. క, గ పలకాలంటే నాలుక వెనక భాగం పైకి లేచి అంగిలికి తగలాలి. వాడు ఆ పనిని నాలుక కొసతో, పళ్ళ దగ్గర చేస్తున్నాడు. అందుకే క వచ్చిన చోటల్లా త, గ వచ్చిన చోటల్లా ద. చాలామందిలో ఇది నాలుగేళ్ళకల్లా దానంతటదే పోతుంది. ర, ష లాంటివి కుదరడానికి ఇంకా టైమ్ పడుతుంది.

చెవి పని ఎప్పుడో మొదలైపోతుంది. రెండు మూడు నెలలకు ఊ కొడతారు. ఆరు నుంచి పది నెలల మధ్య బబబ, మమమ, దదద అని గుక్కతిప్పుకోకుండా అంటారు. వినికిడి లోపంతో పుట్టిన పిల్లల్లో ఈ బబబ దశ బాగా ఆలస్యమవుతుంది. అందుకే పది నెలలైనా ఆ పలుకులు రాకపోతే "మగపిల్లలకు మాటలు లేటుగా వస్తాయిలే" అని ఊరుకోవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను.

మా వాడిని "సరిగ్గా చెప్పు" అని ఎవరూ నిలదీయకుండా చూస్తున్నాను. వాడు "తాతి" అంటే "అవును, కాకి ఎగిరిపోయింది" అంటాను, అంతే. మూడేళ్ళ పిల్లల మాటల్లో ముప్పావు వంతు, నాలుగేళ్ళకు దాదాపు అన్నీ కొత్తవాళ్ళకు కూడా అర్థమవ్వాలి. బాగా వెనకబడితే స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించాలి. మా వాడి మాటలు పక్కింటివాళ్ళకు చాలావరకు అర్థమవుతున్నాయి కాబట్టి నాకు టెన్షన్ లేదు.