పాపతో పాటు నేనూ బోర్లా

మా పాపను మొదటిసారి బోర్లా పడుకోబెడితే పట్టుమని పది సెకన్లు ఉండలేదు, ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపెట్టి ఏడ్చింది. మనసొప్పక ఎత్తేసుకున్నాను, మళ్ళీ వారం దాకా ఆ జోలికే పోలేదు. తర్వాత డాక్టర్‌గారు చెబితే తెలిసింది, నేల మీదే మొదలుపెట్టాలని ఏమీ లేదట, మనం వెనక్కి వాలి కూర్చుని గుండెల మీద బోర్లా వేసుకున్నా చాలట. అలా వేసుకుంటే నా గొంతు వినిపించగానే తల ఎత్తాలని చూసేది. రెండు వేళ్ళ ఎత్తు లేచేది, ఊగేది, ముక్కు నా భుజానికి తగిలేది, చొంగ కారుస్తూ మళ్ళీ లేచేది. మెడ నిలిచేది ఈ చిన్న చిన్న ప్రయత్నాలతోనే.

తర్వాత నేల మీదికి మారాం. పలచటి దుప్పటి పరిచి, నేనూ ఎదురుగా బోర్లా పడుకుంటాను. పుట్టిన కొత్తలో పిల్లలకు 20-30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే బాగా కనిపిస్తాయి కాబట్టి అప్పట్లో మన ముఖాన్ని మించిన బొమ్మ లేదు. ఇంకా కదలడం రాని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజులో కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఒకేసారి కాదు, రోజంతా కొద్దికొద్దిసేపు. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కేస్తారు. పక్కన మనిషి లేకుండా అసలే వద్దు. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలే.

గిలక్కాయ చేతిలో పెట్టేయడం కంటే, అందీ అందనంత దూరంలో ఒక పక్కగా ఆడించడం మేలు. దాని కోసం తల తిప్పుతుంది, భుజం తిప్పుతుంది, ఆ ఊపులోనే ఓ రోజు నడుమూ తిరుగుతుంది. మరీ దూరం పెడితే విసుగొచ్చి ఏడుస్తారు, అది ఆట కాదు.

వాకర్ మాత్రం కొనకండి, ఎవరు బహుమతిగా ఇచ్చినా సరే. పిల్లలు అందులో పడి దెబ్బలు తగిలించుకుంటారు, పైగా దానివల్ల నడక తొందరగా రాదు.

పక్కింటి బాబు అప్పుడే కూర్చున్నాడు, మీ పాప ఇంకా కూర్చోలేదా అంటే నాకూ టెన్షన్ వచ్చేది. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు, కొందరైతే దోగాడకుండానే నడిచేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు లెక్క కాన్పు తేదీగా చెప్పిన రోజు నుంచి వేసుకోవాలి. కానీ నాలుగు నెలలు దాటాక కూడా మెడ నిలవకపోయినా, ఒంటిని మరీ బిగదీసినా, మరీ వదిలేసినట్టున్నా, ఒక చేతినే వాడుతున్నా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

నిన్న పాప తనంతట తాను బోర్లా పడింది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయింది. తీద్దామని చెయ్యి చాపి, ఆగాను. మూలిగింది, కాళ్ళు తన్నింది, ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, చివరికి చిన్న గుప్పిట బయటికొచ్చింది. దాన్నే కాసేపు కొత్తగా చూసుకుని, నోట్లో పెట్టుకుంది.