బోరు నీళ్లలో సాల్వెంట్: రిపోర్ట్ నార్మల్ వచ్చాక మేం చేసింది (నా అనుభవం)

బోరు నీళ్ల రిపోర్ట్‌లో అన్నీ నార్మల్ అని ఉన్నంత మాత్రాన ఆ నీళ్లలో ఫ్యాక్టరీ సాల్వెంట్లు (గ్రీజు, మురికి లాంటివి కరిగించే ద్రవాలు) లేవని కాదు. మామూలు ప్యాకేజీలో ల్యాబ్ వాళ్లు వాటిని అసలు వెతకరు. బెంగళూరులో ఇండస్ట్రియల్ ఏరియాల చుట్టూ మన తెలుగువాళ్లు చాలామంది ఉంటున్నారు, కావేరి కనెక్షన్ లేని అపార్ట్‌మెంట్లకు బోరు, ట్యాంకరే దిక్కు, అందుకే మేం పడ్డదంతా రాస్తున్నాను.

మాది ఊరి శివారు, చుట్టూ చిన్నాపెద్దా వర్క్‌షాపులు. పొద్దున గీజర్ వేసుకుని స్నానానికి వెళితే బాత్‌రూంలో ఒకరకమైన తియ్యటి వాసన. పక్క ఫ్లాట్‌లో పెయింట్ వేస్తున్నారేమో అని కొందరు, సబ్‌మెర్సిబుల్ మోటారు ఆయిల్ కారుతోందని మదనపల్లి నుంచి వచ్చిన మా ప్లంబర్. మోటారు పైకి తీయించి చూస్తే బాగానే ఉంది. అసోసియేషన్ వాళ్లు నీళ్లు టెస్ట్‌కి పంపారు: టీడీఎస్, హార్డ్‌నెస్, నైట్రేట్, ఫ్లోరైడ్, కోలిఫాం, అన్నీ ఓకే. వాసన మాత్రం అలాగే ఉంది.

నాకు టెన్షన్ ఆగక ల్యాబ్‌కే ఫోన్ చేసి వాసన గురించి చెప్పాను. అక్కడి కెమిస్ట్ ఆవిడ, "మీరు అడిగిన టెస్టుల్లో అది రాదమ్మా, వీఓసీ టెస్ట్ విడిగా అడగాలి" అన్నారు. వీఓసీలంటే గాలి తగిలితే ఆవిరైపోయే రసాయనాలు. లోహపు భాగాలకు పట్టిన గ్రీజు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్, డ్రై క్లీనింగ్‌లో వాడే పెర్క్లోరోఎథిలీన్, బెంజీన్, టొల్యూన్ లాంటివి. బెంగళూరులోని పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా బోర్లలో క్రోమియం అనే లోహం సంగతి చాలా ఏళ్లుగా పేపర్లలో చూస్తున్నాం కాబట్టి మెటల్స్ టెస్ట్ చేయించమని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు, సాల్వెంట్ల మాట మాత్రం ఎవరి నోటా రాదు. ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే చాలనుకోకండి. నీళ్లలో వీఓసీలకు కూడా ఆ గుర్తింపు ఉందో లేదో ఏయే టెస్టులకు గుర్తింపు ఉందో చెప్పే వాళ్ల స్కోప్ కాగితంలో చూడండి, చాలా ల్యాబుల్లో ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం శాంపిల్ తీయడం. వాటర్ బాటిల్‌లో పట్టుకెళితే ల్యాబ్‌కి చేరేలోపే కొంత ఆవిరైపోతుంది. ల్యాబ్ వాళ్లు టెఫ్లాన్ మూత ఉన్న 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు ఇస్తారు. సంపులోకో ఓవర్‌హెడ్ ట్యాంకులోకో పోయాక కాకుండా బోరు దగ్గరే పట్టాలి, ముందు కాసేపు మోటారు నడిపి పైపులో నిలిచిన నీళ్లు వదిలేయాలి, ధార సన్నగా పెట్టి సీసా అంచుదాకా నింపి, మూత పెట్టాక తలకిందులు చేసి తట్టి చూస్తే లోపల ఒక్క గాలి బుడగ కూడా కనపడకూడదు. కనపడిందా, మళ్లీ పట్టాలి. వెంటనే ఐస్ పెట్టెలో పెట్టి పంపాలి. ల్యాబ్ మనిషినే రప్పించుకుంటే మేలు, రేపు ఎవరైనా శాంపిల్ సరిగ్గా తీయలేదని అన్నప్పుడు ఆ మనిషి సంతకం చేసిన కాగితమే మనకు బలం.

రిపోర్ట్‌లో ట్రైక్లోరోఎథిలీన్ లీటరుకు వందల మైక్రోగ్రాముల్లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 8, అమెరికాలో 5. ఇది మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2012లోనే తేల్చింది, ముఖ్యంగా కిడ్నీకి. మా పాప రోజూ ఆ నీళ్లతోనే స్నానం చేస్తోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీటింగ్‌లో కడప పెద్దాయన ఒకరు "ఇన్నేళ్లు తాగినాం కదమ్మా, మాకేమైంది?" అన్నారు. ఇంకొకరు కాచి తాగుదాం అన్నారు, మరొకరు ఆర్వో ఉందిగా అన్నారు. ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది. ట్రైక్లోరోఎథిలీన్ 87 డిగ్రీలకే మరుగుతుంది, కాస్తే నీళ్లలోంచి వంటింటి గాలిలోకి వస్తుంది, ఆ గాలి మనమే పీలుస్తాం. ఆర్వో పొరని నమ్మలేం, పట్టుకునేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే బొగ్గు ఫిల్టర్, అది నిండిపోయిందో లేదో ఇంట్లో మనకు తెలిసే దారి లేదు. పైగా స్నానానికి ఆర్వో నీళ్లు వాడం కదా, వేడినీళ్ల ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చర్మంలోంచీ పోతుంది. వాసన పోయింది కాబట్టి బాగైందనుకోవడానికీ లేదు, వాసన తెలియని మోతాదు కూడా పరిమితికి ఎన్నో రెట్లు ఉండొచ్చు.

ఏ ఫ్యాక్టరీ వదిలిందో చెప్పమని అందరూ అడిగారు. అది అంత తేలిక కాదు. ఈ ద్రవం నీటికంటే బరువు, భూగర్భజలం అడుగుకి దిగిపోతుంది. బెంగళూరు కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లు దాని పగుళ్ల వెంట నడుస్తాయి, అందుకే మా బోరులో ఉన్నది పక్క లేఅవుట్ బోరులో లేకపోవచ్చు. పెద్ద ఫ్యాక్టరీయే కానక్కర్లేదు కూడా. అమెరికాలో క్యాంప్ లెజూన్ అనే సైనిక స్థావరంలో 1953 నుంచి 1987 దాకా తాగునీళ్లు ఇలాగే పాడయ్యాయి, అక్కడి ఒక సరఫరాలోకి సాల్వెంట్ వచ్చింది బయట ఉన్న ఒక డ్రై క్లీనింగ్ షాపు నుంచి. ఇది చెప్పాక పెద్దాయనే ముందు చెయ్యెత్తారు, బోరు ఆపేద్దామని.

బోరుకి కరెంటు తీసేశాం. కావేరి నీళ్ల పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది కదా, కనెక్షన్‌కి అప్లై చేశాం. అది వచ్చేదాకా ట్యాంకర్, కానీ ఆ నీళ్లు ఏ బోరువో చెప్పి వీఓసీ రిపోర్ట్ చూపించినవాళ్ల దగ్గరే తీసుకుంటున్నాం. రేటు ఎక్కువే, అయినా ఎవరూ గొడవ చేయలేదు. కాలుష్య నియంత్రణ మండలికి కన్నడంలో ఫిర్యాదు రాసిచ్చాం, పై ఫ్లోర్ అక్క రాసిపెట్టింది. బోరు లోతు, ఎక్కడుందో మ్యాప్, శాంపిల్ తీసిన తేదీ, ల్యాబ్ మనిషి సంతకం ఉన్న కాగితం, అన్నీ జత చేసి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. వాళ్లు వచ్చి శాంపిల్ తీసుకెళ్లారు. పక్క లేఅవుట్ వాళ్ల బోరులో ఇప్పటికి ఏమీ లేదు, వర్షాలు అయ్యాక మళ్లీ టెస్ట్ చేయిస్తామన్నారు.