కుడి బూటు

ఆదివారం. పొద్దున లేచేసరికి ఇక్కడ ఇంగ్లండులో, మా కోవెంట్రీలో వాన లేదు, అక్టోబరులో ఇది పండగే. ఎనిమిదింటికల్లా గరాజు తలుపు తీస్తే, బండి కింద పరిచిన అట్టముక్క మీద రాత్రికి రాత్రే మరో మూడు నూనె చుక్కలు. పోయిన నెల నూనె కారకుండా నా చేత్తో వేసిన గాస్కెట్ పుణ్యం అది, ఇంకెవర్నీ అనడానికి లేదు. మా ఆవిడ పార్సిల్ అట్టపెట్టెలు దాచిపెట్టేది దీనికోసమే.

బండి 1955 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 346 సీసీ. పుట్టింది రెడ్డిచ్‌లో, ఇక్కణ్ణుంచి గంట దూరం. కానీ నా మొహం చూడగానే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "ఇండియా బండి కదూ?" అని. కాదు బాబూ, ఇండియావాణ్ణి నేను, బండి మీదే అని చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. వాళ్ల తప్పూ లేదు లెండి. సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యం బుల్లెట్లు కొనడం మొదలుపెట్టాక, సరిగ్గా ఈ బండి తయారైన ఏడాదే, రెడ్డిచ్ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, మద్రాసులో మాత్రం అదే బండి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారవుతూ వచ్చింది, 1977 నుంచి ఇంగ్లండుకే ఎగుమతి కూడా అయింది. సూదులకి పేరుపడ్డ ఊరు రెడ్డిచ్, ఈ కంపెనీ మూలాలు కూడా ఒక సూదుల కార్ఖానాలోనే ఉన్నాయి. సూదులమ్మిన ఊళ్లో ఫిరంగి గుర్తు పెట్టుకుని "తుపాకీలా తయారైంది" అని ప్రచారం చేసుకున్నారంటే ధైర్యమే.

స్టార్ట్ చెయ్యడం చిన్నపాటి పూజ. పెట్రోలు ట్యాప్ తిప్పాలి, కార్బొరేటర్ మీద బొడిపె నొక్కిపట్టి వేలికి పెట్రోలు తడి తగిలేదాకా ఆగాలి, కిక్కర్‌ని మెల్లగా తొక్కుకుంటూ వెళ్లి అది గట్టిగా అడ్డుపడ్డ చోట సిలిండర్లో ఒత్తిడి వదిలించే డీకంప్రెసర్ లీవరు నొక్కి కొంచెం దాటించి, లీవరు వదిలేసి, కిక్కర్ పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తన్నాలి. తొందరపడి మధ్యలో తన్నామా, రివర్స్ కొడుతుంది, పిక్క రెండ్రోజులు మర్చిపోనివ్వదు. ఇవాళ మూడో కిక్కుకి అందుకుంది.

దీన్ని అమ్మినాయన మొదటిరోజు పదిసార్లు హెచ్చరించాడు, గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, మొదటి గేరు పైకి, మిగతావి కిందికి, జాగ్రత్త అని. నేను తలూపి, ఎక్కి, వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను. కాలు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆఫీసులో విజయవాడ కుర్రాడొకడు మోజుపడి ఎక్కాడు, గేరు మార్చబోయి బ్రేకు తొక్కి రోడ్డు మధ్యలో ఆపేశాడు. వాడు నేర్చుకున్నది ఎడమ గేర్ల బండి మీద. నేను నేర్చుకున్నది నాన్న బుల్లెట్ మీద. నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరు, ఖమ్మం దగ్గర సాగర్ ఎడమ కాలువ కట్ట మీద రోజూ తిరగాలి. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, చెల్లిని మధ్యలో ఇరికించి, అమ్మని వెనక ఎక్కించుకుని పాలేరు దాకా పోతుంటే వంగి ఆయన కుడికాలినే చూస్తుండేవాణ్ణి. ఆగాల్సొస్తే మడమతో న్యూట్రల్ లీవరు ఒక్క తొక్కు తొక్కేవాడు, నాలుగో గేరులో ఉన్నా సరే, బండి టక్కున న్యూట్రల్లోకి వచ్చేది. అంత మంచి ఏర్పాటు తర్వాతి బండ్లలో ఎందుకు తీసేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇవాళ రెడ్డిచ్ దాకా పోదామనే బయల్దేరాను. మెరిడెన్‌లో ఆగాను, టీ కోసం. 1940లో బాంబులు పడి కోవెంట్రీ ఫ్యాక్టరీ నాశనమయ్యాక ట్రయంఫ్ మోటార్‌సైకిళ్ల కంపెనీ వచ్చి చేరింది ఈ ఊరికే. మూసేస్తామంటే కార్మికులు గేట్లు మూసి కూర్చుని, చివరికి సహకార సంఘం పెట్టుకుని 1983 దాకా నడిపిన ఫ్యాక్టరీ. ఇప్పుడక్కడ ఇళ్లు. వీధి పేరు బొనెవిల్ క్లోజ్, ట్రయంఫ్ బండి పేరే.

టీ తాగి, కిక్ కొట్టి, బయల్దేరి అర కిలోమీటరు పోయానో లేదో దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు ఊడదీశాను, స్పార్క్ వస్తోంది. చేతులు మసి, టెన్షన్. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి, కాసేపు చూసి, ఒకే మాట అన్నాడు: "ట్యాప్?" టీకి ఆగినప్పుడు నేనే కట్టేశాను. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంత దూరం వచ్చిందన్నమాట. సిగ్గేసింది. ఆయన నవ్వలేదు, అదే గొప్ప. వాళ్ల నాన్నకి సైడ్‌కార్ బండి ఉండేదట, పిల్లలందరూ అందులోనేనట. 1959లో మినీ కారు వచ్చాక రెండేళ్లకే అమ్మేశాడట. కారులో వెచ్చగా ఉన్నా తను మాత్రం వారం రోజులు ఏడ్చానన్నాడు. చివర్లో అడగనే అడిగాడు, "ఇండియాదేనా?" అని. ఈసారి ఔనన్నాను. ఎందుకన్నానో తెలీదు.

అప్పటికే మబ్బు పట్టింది. ఈ హెడ్‌లైటు ఆముదం దీపంకన్నా నయం, అంతే. రెడ్డిచ్ మానేసి వెనక్కి తిప్పాను.

మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేసి ట్యాప్ సంగతి చెప్పాను. "ఏరా, ముందు చూసుకోవాల్సింది అదేగా" అని, కాసేపాగి, "న్యూట్రల్ లీవరు బానే పడుతోందా?" అని అడిగాడు. పడుతోంది నాన్నా అన్నాను.

బూట్లు విప్పుతుంటే కుడి బూటు మీద, బొటనవేలి దగ్గర, తోలు లేచి నల్లగా అరిగి ఉంది. గేరు లీవరు రాపిడి. ఆదివారాలు నాన్న బూట్లు పాలిష్ చేసే పని నాదే, ఎడమదానికి ఒక వేలు పాలిష్ చాలేది, కుడిదానికి రెండు వేళ్లు ముంచి రుద్దినా ఆ మచ్చ పోయేది కాదు. డబ్బా తీసి కూర్చున్నాను.