రాక్షసుడి కొమ్ములు, ఎండుమిరపకాయలు

దసరాకి మా అక్క వాళ్లు కర్నూలు వచ్చినారు, వాళ్లతో పాటు మా మేనల్లుడు వచ్చినాడు, వాడితో పాటు మూడు అట్టపెట్టెలు వచ్చినాయి. బట్టలేమో ఒక చిన్న బ్యాగు, పెట్టెలేమో మూడు. మా అమ్మ పాపం మనవడు బెంగళూరు నుంచి స్వీట్లు ఏమన్నా తెచ్చినాడేమో అని ఆశగా చూసింది, విప్పితే అన్నీ లెగో ముక్కలు, ఒకదానికొకటి అతికించి బొమ్మలు కట్టే ప్లాస్టిక్ ముక్కలు. జిప్ కవర్లలో రంగుకి ఒకటి, సైజుకి ఒకటి, కిరాణా కొట్లో పప్పులు పొట్లం కట్టి పెట్టినట్టు పెట్టుకొచ్చినాడు. ఇరవై నాలుగేళ్లు వచ్చినాయి, రేపోమాపో పెళ్లి చేయాలి, ఇంకా ఈ బొమ్మలేందిరా అని మా అక్క నెత్తి కొట్టుకుంది. నేను పైకి ఏమీ అనలేదు గానీ లోపల మాత్రం భలే సంబరపడినా.

నా సంగతి చెప్తా. నా దగ్గర ఒక్క లెగో ముక్క కూడా లేదు. చిన్నప్పుడు అవి ఉన్నాయని తెలీదు, తెలిసేసరికి ఆడుకునే వయసు దాటిపోయింది, జీతం వచ్చాక కొందామని రేటు చూసి గమ్మునైపోయినా. కానీ ఏడెనిమిదేళ్లుగా రాత్రి అన్నం తిన్నాక మంచం మీద పడి ఫోన్లో ఇవే చూస్తా, మా ఆవిడ రీల్స్ చూస్తది, నేను ఎక్కడో జపాన్‌లోనో పోలాండ్‌లోనో ఎవరో కట్టిన బొమ్మని జూమ్ చేసి చేసి చూస్తా, ఎవరి పిచ్చి వాళ్లది. కట్టడం నాకు రాదు, చూడటం మాత్రం బాగా వచ్చు అని నా నమ్మకం.

డబ్బాలో వచ్చే సెట్లు కాదు నేను చూసేది. అవి సరే, లోపల పుస్తకం ఉంటుంది, పేజీ తిప్పుకుంటా ముక్క మీద ముక్క పెట్టుకుంటా పోతే బొమ్మ వచ్చేస్తుంది, ఓపికుంటే చాలు. పుస్తకం లేకుండా సొంత బుర్రతో కట్టేవాళ్లు ఉంటారు, దాన్ని మై ఓన్ క్రియేషన్ అని, పొట్టిగా మాక్ అని అంటారు. డాక్టర్లు, డ్రైవర్లు, రిటైరైన టీచర్లు, అన్ని రకాల వాళ్లు ఉంటారు అందులో.

పెద్ద పెద్దవి నన్ను కదిలించవు, ఇది నా ఒక్కడి అభిప్రాయమే అనుకోండి. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊర్లో 1932లో ఓలే కిర్క్ క్రిస్టియాన్సన్ అనే వడ్లాయన చెక్క బొమ్మలతో ఈ కంపెనీ మొదలుపెట్టినాడు, లెగో అంటే వాళ్ల భాషలో బాగా ఆడుకో అని. ఇప్పుడు అదే ఊర్లో 2017లో లెగో హౌస్ అని ఒకటి తెరిచినారు, దాని మధ్యలో 15 మీటర్ల పైన ఎత్తున్న చెట్టు ఉంది, 63 లక్షల ఇటుకలంట. ఫోటో చూసి అబ్బో అనుకున్నా, అంతే, వేలు పైకి జరిగిపోయింది. అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో కంపెనీతో సంబంధం లేని మామూలు అభిమానులు కట్టినవి పెడతారు, నా ప్రాణమంతా అక్కడే ఉంటుంది.

ఎందుకో చెప్తా. లెగోలో కప్ప ముక్క ఉంది, చిటికెన వేలి గోరంత ఉంటుంది. అది కప్ప, అంతే, ఇంక దేనికి పనికొస్తుంది? కానీ గులాబీ రంగు కప్పల్ని కొమ్మలకి గుచ్చితే దూరం నుంచి పూలు. 2021లో కంపెనీనే బోన్సాయ్ చెట్టు సెట్‌లో పూలకి బదులు కప్పల్ని పెట్టి అమ్మింది, అయితే ఇట్లాంటి పనులు అభిమానులు ఎప్పటి నుంచో చేస్తున్నారు. క్రోసాంట్ అని వంకర బన్ను లాంటి తినే ముక్క ఒకటి ఉంటే దాన్ని తెల్లరంగులో తెచ్చి పాత బిల్డింగుల కిటికీల మీద నగిషీ చేస్తారు, బొమ్మ మనిషి జుట్టు పీకి పొద చేస్తారు. మనం బిల్డింగు చూస్తా చూస్తా ఉంటే ఉన్నట్టుండి అరే ఇది బన్ను కదా అని వెలుగుతుంది చూడండి, ఆ ఒక్క క్షణం కోసం నేను గంటసేపు స్క్రోల్ చేస్తా. తెలిసిన మనిషి వేషం వేసుకుని నాటకంలో కనపడినట్టు ఉంటుంది, వేషం భలే కుదిరింది అనుకుంటాం, లోపల మనిషినీ గుర్తుపట్టేస్తాం, రెండూ ఒకేసారి.

సరే, అల్లుడి దగ్గరికి వస్తా. ఏం కడుతున్నావ్‌రా అంటే చెప్పలేదు, రెండు రోజులు పైన గదిలో తలుపేసుకున్నాడు. మూడో రోజు సాయంత్రం "మామా, రా" అని పిలిచినాడు.

మా పాతిల్లు.

పాతబస్తీలో, తుంగభద్ర ఒడ్డుకి దగ్గర్లో ఉండేది. మిద్దె ఇల్లు, నాపరాతి ముక్కలు పేర్చి మట్టితో కట్టిన గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మట్టి, మధ్యలో గవాచి. గవాచి అంటే బయటి జిల్లాల వాళ్లకి తెలీదేమో, మిద్దెకి వెలుతురు కోసం వదిలే కంత. మధ్యాహ్నం ఆ కంతలో నుంచి ఎండ గుండ్రంగా నేల మీద పడేది, మేము పిల్లలప్పుడు దాన్ని కాలితో తొక్కేవాళ్లం. 2009 అక్టోబర్ 2న హంద్రీ, తుంగభద్ర రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు ఆ ఇల్లు మునిగింది, మట్టి గోడలు కదా, నీళ్లు తీసినాక ఒక పక్క కూర్చుండిపోయింది, తర్వాత మేమే పడగొట్టేసినాం.

ఇప్పుడు అదే ఇల్లు టీపాయ్ మీద, మూరెడు పొడుగు, ఒక పక్క గోడ లేకుండా, లోపల కనపడాలని.

నేను మొదట చూసింది మిద్దె పైన. మా అమ్మ మిరపకాయలు ఎండబోసేది కదా, అట్లనే ఎర్రగా కుప్ప. వంగి చూస్తే ఒక్కోటి వంపు తిరిగి, కొస సన్నగా, అచ్చం ఎండుమిరపకాయ. ఏ ముక్కరా ఇది అంటే వాడు నవ్వుతా "కొమ్ములు మామా, రాక్షసుడి బొమ్మలకి పెట్టేవి" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది, నిజం. ఫోన్లో వంద చూసి ఉంటా గానీ చేతికి అందేంత దూరంలో, నాకు తెలిసిన మిరపకాయల మీద ఇది జరగడం వేరే.

అరుగు పక్కన రోలు. అది చిన్న కారు చక్రంలో టైరు తీసేస్తే మిగిలే రిమ్ము. రోకలి ఏదో బొమ్మ సైనికుడి చేతిలో కర్ర. జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి గుండ్రటి టైల్స్, గోధుమరంగువి, పైది మాత్రం కొంచెం ముదురు రంగు, మాడినట్టు! అది మా అమ్మ మీద జోకు అని నాకు తర్వాత అర్థమైంది. గవాచికి అద్దం ముక్క ఏదీ పెట్టలేదు, వట్టి కంతే వదిలినాడు, ఫోన్ టార్చ్ పైన పట్టి చూపించినాడు, లోపల నేల మీద వెలుగు పడింది. దాన్ని తొక్కాలనిపించింది, నా కాలికి అది ఆనదు.

నేల సంగతి ప్రత్యేకం. పైన మెట్టు, అంటే ఇంకో ముక్క అతుక్కునే గుండ్రటి బుడిపె, లేకుండా నున్నగా ఉండే ముక్కల్ని లెగోలో కూడా టైల్ అనే అంటారు, వాటినే బండలు పరిచినట్టు పరిచినాడు. రంగు సరిగ్గా మన నాపబండ రంగు, బూడిదలో నీలం కలిసినట్టు. దానికో కథ ఉంది, 2004 ప్రాంతంలో కంపెనీ వాళ్లు పాత బూడిద రంగు తీసేసి నీలం కలిపిన కొత్త బూడిద తెచ్చినారు, పాత ముక్కలకి కొత్తవి మ్యాచ్ కావట్లేదని ప్రపంచమంతా అభిమానులు తిట్టుకున్నారు, ఇప్పటికీ కొందరు ఆ మాట ఎత్తితే చాలు మొదలుపెడతారు. నాకైతే మా పక్క బేతంచెర్లలో దొరికే నాపబండ చూసే ఆ రంగు మార్చినారేమో అనిపించింది, మాకు మాత్రం లాభమే.

ఇంక గోడలు. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఇష్టం లేనివాళ్లు ఈ పేరా దాటుకోండి. లెగోలో పక్కపక్క మెట్లకి మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, మామూలు ఇటుక ఎత్తు 9.6, పల్చటి ప్లేట్ ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు ఒక ఇటుక. ఐదు ప్లేట్లు పేరిస్తే 16 మిల్లీమీటర్లు, రెండు మెట్ల వెడల్పూ 16. ఆ రెండూ కలుస్తాయి కాబట్టి ముక్కల్ని అడ్డంగా తిప్పి పక్కకి అతికించినా సందు రాకుండా సరిపోతుంది, ఈ పద్ధతిని స్నాట్ అంటారు, మెట్లు పైకి కాకుండా పక్కకి చూస్తాయన్నమాట. వాడు గోడ మొత్తం ప్లేట్లతో కట్టి అక్కడక్కడ ముక్కల్ని తిప్పి పెట్టినాడు, అందుకే వరస సమానంగా లేకుండా ఒక రాయి సన్నం ఒక రాయి లావు, అచ్చం పాత గోడ.

మా నాయన బేల్దారి. నలభై ఏళ్లు కర్నూల్లో గోడలు కట్టినాడు, బండలు పరిచినాడు, ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంట్లోనే. ఆయన్ని చేయి పట్టి తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టినాం. నేను ఏడుస్తాడేమో అనుకున్నా, సినిమాల్లో అయితే ఏడ్వాలి. ఈయన కళ్లజోడు పెట్టుకుని ఐదు నిమిషాలు చూసి,

"ఈడ జాయింటు మీద జాయింటు పడింది సూడు. పగులుతాది" అన్నాడు.

"తాతా, ఇవి ఒకదానికొకటి గట్టిగా పట్టుకుంటాయి, పగలవు."

"పట్టుకున్యా సరే. కంటికి పగిలినట్టుండాది."

వాడు ఏమీ మాట్లాడకుండా ఆ మూల విప్పి మళ్లీ కట్టినాడు, పది నిమిషాలు పట్టింది. నిజం చెప్పొద్దూ, కట్టినాక తేడా నాకూ కనపడింది.

తర్వాత ఇద్దరూ మొదలుపెట్టినారు, నేను మధ్యలో టీ అందించేవాడిని. వాడు చెప్తున్నాడు, ఈ ఇటుకకి పేటెంట్ కోసం 1958లో దరఖాస్తు పెట్టినారు, అప్పటి ముక్క దొరికితే ఇప్పటి ముక్కకి టక్కుమని అతుక్కుంటుంది అని. మా నాయన దాన్ని నమ్మలేదు. "ఒకే బట్టీలో పొద్దున కాల్చింది సాయంత్రం కాల్చింది ఒక్క కొలత ఉండవు, అరవై ఏళ్లంట" అన్నాడు. వాడు ఇంకోటి చెప్పినాడు, ఎనిమిది మెట్ల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చు, డెన్మార్క్‌లో లెక్కల ప్రొఫెసర్ ఒకాయన కంప్యూటర్ పెట్టి తేల్చినాడు అని. మా నాయన టీ కింద పెట్టి "అన్ని కోట్లలో నిలబడేవి ఎన్నిరా?" అని అడిగినాడు. వాడి దగ్గర జవాబు లేదు. ముక్కల మీద ఒత్తిడి పడేలా, కంపెనీ ఒప్పుకోని విధంగా ఇరికించడాన్ని ఇల్లీగల్ టెక్నిక్ అంటారని చెప్తే, "మేస్త్రి భోజనానికి పోయినప్పుడు చేసే పని" అన్నాడు, అంతకన్నా మంచి అనువాదం నేను ఇంతవరకు వినలేదు.

మధ్యలో ఒక సంగతి నాకు తెలియనిది బయటపడింది. అరుగు కింద పునాది రాళ్ల రంగు మిగతా గోడ రంగుతో కలవడం లేదు, కొంచెం పసుపు తిరిగినట్టు ఉంది. అడిగితే అవి చిన్నప్పుడు మా బావ కువైట్ నుంచి తెచ్చిన డబ్బాలోవంట. ఆ వరద దసరా సెలవుల్లోనే కదా వచ్చింది, వీడు అప్పుడు ఎనిమిదేళ్ల వాడు, మా దగ్గరే ఉన్నాడు, అందరం ఎదురింటి మేడ మీదికి ఎక్కినాం, డబ్బా కిందనే ఉండిపోయింది. నీళ్లు తీసినాక ఇంట్లో మోకాలి దాకా బురద, పుస్తకాలు పోయినాయి, బియ్యం పోయినాయి, పెళ్లి ఫోటోలు పోయినాయి, టీవీ సంగతి సరేసరి. ఆ డబ్బా బురదలో దొరికితే మా అమ్మ బకెట్లో సర్ఫ్ వేసి కడిగి జల్లెడలో ఆరబెట్టిందంట. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అది, నీళ్లకి ఉబ్బదు. ముక్కలన్నీ మళ్లీ అతుక్కున్నాయి. "పునాదికి అవే వాడదామనుకున్నా మామా" అన్నాడు, అనేసి వెంటనే మాట మార్చినాడు. రంగు కలవకపోయినా మార్చలేదన్నమాట. ఇట్లాంటివి ఫోటో చూస్తే తెలీవు, ఎవడో ఒకడు కింద కామెంట్ పెడతాడు పునాది రంగు మ్యాచ్ కాలేదు బ్రో అని, నేనే పెట్టేవాడినేమో.

ఖర్చు ఎంతైందో మా అక్క ముందు అడగొద్దన్నాడు కాబట్టి ఇక్కడా రాయను. మన దేశంలో 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 చేసినారు, 2023లో 70 చేసినారు, దాని మీద విడిముక్కలు బయట నుంచి తెప్పించుకుంటే కొరియర్ ఖర్చు వేరే. ఎర్ర కొమ్ములు మాత్రం అరవై తెప్పించినాడంట. అరవై మిరపకాయలకి అంత డబ్బా అని మీకు అనిపించొచ్చు, నాకు అనిపించలేదు.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. మిద్దె, మిరపకాయలు, రోలు అన్నీ చూసి, రొట్టెల దగ్గర ఆగి, "ఇది మాడింది" అని వేలితో పైది తీసి పక్కన పెట్టి పోయింది. ఎవరూ నవ్వడానికి ధైర్యం చేయలేదు.

పడుకునే ముందు మా నాయన మళ్లీ కుర్చీ దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. చూసి చూసి, "మిద్దె మీద వాననీళ్లు యాడ పోతాయిరా?" అన్నాడు. నిజమే, పాతింటికి గోడలోంచి వీధి వైపు గొట్టం ఉండేది, వానొస్తే దాని కింద బిందెలు పెట్టేవాళ్లం. వాడు మర్చిపోయినాడు, నేనూ మర్చిపోయినా. అప్పుడు రాత్రి పదిన్నర. వాడు మూడు పెట్టెలూ కింద పోసి వెతకడం మొదలుపెట్టినాడు, నేను కూడా కూర్చున్నా, మొదటిసారి ఆ ముక్కల్లో చేయి పెట్టినా. పైపు ముక్క పెడితే లావైంది, కర్ర పెడితే కంత లేదు. కవర్ల అడుగున సముద్రపు దొంగల బొమ్మ ఒకటి ఉంది, దాని చేతిలో దుర్భిణి, ఒక కొస సన్నం ఒక కొస వెడల్పు, బూడిద రంగు. నేనే చూసినా దాన్ని ముందు. "ఇది?" అన్నా. వాడు నా మొహం చూసి, దొంగ చేతిలోంచి దుర్భిణి లాగి, గోడలో సన్నటి సందు చేసి దూర్చినాడు.

మా నాయన వంగి చూసినాడు. "ఇంత బయటికి అక్కర్లేదు, నీళ్లు గోడకి కారకుంటే సాలు" అన్నాడు.

వాడు కొంచెం లోపలికి నొక్కినాడు.