రోజ్ బౌల్ చూసొచ్చాక మా గ్రౌండ్ గురించి నాలుగు మాటలు

అమెరికాలో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు లాస్ ఏంజెలెస్ పక్కనున్న పాసడీనాలో రోజ్ బౌల్ స్టేడియం చూశానని చెప్పిన దగ్గర్నుంచి, వాకింగ్‌కి వచ్చేవాళ్లంతా అక్కడ జరిగే కాన్సర్ట్‌ల గురించి రాయమని అడుగుతున్నారు. రాస్తాను. కానీ నా మనసంతా ఆ స్టేడియం గ్రౌండ్ మీదే ఉంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

బయట నిలబడి చూస్తే తొంభై వేల మంది పట్టే స్టేడియం ఇదేనా అనిపిస్తుంది, ఎందుకంటే సగం భూమిలోనే ఉంది. గేటు దాటి సన్నటి సొరంగం లాంటి దారిలోంచి నడిస్తే ఒక్కసారిగా మనకి పైనా కిందా సీట్లే, అడుగున పచ్చటి గ్రౌండ్, వెనక శాన్ గాబ్రియేల్ కొండలు. మధ్యలో తవ్విన మట్టినే చుట్టూ కట్టగా పోసి దాని మీద సీట్లు వేశారు, కాకతీయుల చెరువు కట్టలు చూస్తూ పెరిగిన మనకి ఆ పని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆర్కిటెక్ట్ పేరు మైరన్ హంట్. 1922లో మొదలైనప్పుడు దక్షిణం వైపు ఖాళీగా గుర్రపు నాడా ఆకారంలో ఉండేదట, 1928లో ఆ వైపు కూడా మూసేశారు.

అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే వాళ్ల ఆట. 1982 నుంచి యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) కాలేజీ టీమ్‌కి ఇదే సొంత గ్రౌండ్. సొంతం అంటున్నాను గానీ స్టేడియం కాలేజీది కాదు, పాసడీనా నగరానిది. ఒప్పందం 2044 వరకు ఉన్నా కాలేజీ ఇంగిల్‌వుడ్‌లోని కొత్త సోఫై స్టేడియంకి మారిపోవాలని చూస్తోందంటూ 2025 అక్టోబర్‌లో నగరం కోర్టుకెక్కింది. యూసీఎల్‌ఏలో చదివే మా మేనకోడలు ఆ మాట ఎత్తితేనే కోపంగా ఉంది.

నన్ను అక్కడ ఎక్కువసేపు కదలనివ్వనిది అమెరికా మహిళల టీమ్‌లో ఆడిన బ్రాండీ చాస్టెయిన్ విగ్రహం. 1999 జూలై 10న మహిళల వరల్డ్ కప్ ఫైనల్ (ఇది మనకి తెలిసిన ఫుట్‌బాలే) ఇక్కడే జరిగింది, చూడ్డానికి 90,185 మంది వచ్చారు. చైనాతో అమెరికా మ్యాచ్ గోల్ లేకుండా ముగిసి పెనాల్టీల దాకా వెళ్తే, ఆమె ఎడమ కాలితో ఆఖరి కిక్ కొట్టి గెలిపించి, జెర్సీ విప్పి చేత పట్టుకుని మోకాళ్ల మీద కూలబడి పిడికిళ్లు బిగించి అరిచింది. ఆ క్షణాన్నే కంచులో పోతపోశారు. "అత్తా, నువ్వు కూడా పక్కన అట్లనే కూర్చో, ఫోటో తీస్తా" అంది మా పిల్ల. కూర్చున్నాను. హన్మకొండలో ఖోఖో ఆడే రోజుల్లో, ఆడపిల్లల ఆట చూడ్డానికి ఇంతమంది వస్తారని మాకెవరైనా చెప్పి ఉంటే మేమెంత ఆడేవాళ్లమో! దగ్గర్లోనే పేరున్న నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ విగ్రహం కూడా ఉంది, ఆయన పెరిగింది పాసడీనాలోనే.

ఇక కాన్సర్ట్‌లు. 1988 జూన్‌లో బ్రిటన్ బ్యాండ్ డెపెష్ మోడ్, 2009 అక్టోబర్‌లో ఐర్లాండ్ రాక్ బ్యాండ్ యూటూ (ఆ రోజు వచ్చింది 97,014 మంది, యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చారు), 2019 మేలో కొరియా కుర్రాళ్ల పాటల బృందం బీటీఎస్ రెండు రాత్రులు. బీటీఎస్ టికెట్ల కోసం, అప్పుడు స్కూల్లో ఉన్న మా పిల్ల వాళ్ల నాన్నని పెట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

గడ్డి గ్రౌండ్‌లో ఇంత పెద్ద ప్రోగ్రాం పెట్టేటప్పుడు ముందు ప్లాస్టిక్ పలకలు ఒకదానికొకటి బిగించి గడ్డంతా కప్పుతారు, ఆ తర్వాతే స్టేజీ సామాను, కుర్చీలు వస్తాయి. ఎక్కువ రోజులు కప్పి ఉంచితే వెలుతురు అందక గడ్డి పసుపెక్కి చచ్చిపోతుంది కాబట్టి ప్రోగ్రాం అయిపోగానే ఆగమేఘాల మీద తీసేస్తారు, పాడైన చోట మట్టితో సహా చుట్టలుగా తెచ్చిన కొత్త గడ్డి పరుస్తారు. పాసడీనాలో ఇంకో రూలు కూడా ఉంది: ఇరవై వేలకు మించి జనం వచ్చే ఈవెంట్లు ఏడాదికి 12 దాటాలంటే నగర కౌన్సిల్ ఒప్పుకోవాలి. చుట్టూ ఉన్న మూడు మైళ్ల దారిలో రోజూ నడిచేవాళ్లు, పక్కన ఇళ్లున్నవాళ్లు ఊరుకోరు మరి. ఊరికి కష్టం వచ్చినప్పుడు మాత్రం, 2025 జనవరిలో ఈటన్ అనే పేరుతో పిలిచే కార్చిచ్చు చెలరేగితే, అక్కడి పార్కింగ్ స్థలంలోనే ఫైర్ సిబ్బంది మకాం వేశారు.

గ్రౌండ్ అంచున కూర్చుని గడ్డిలోకి వేళ్లు దూర్చి చూశాను. ఒక్క రాయి తగల్లేదు.

ఇక మేం ఖోఖో ఆడిన మా గ్రౌండ్. పేరు ఇక్కడ రాయను, ఆడినవాళ్లకి తెలుసు. సభ అయిన మర్నాడు వెళ్తే కర్రలు పీకేసిన గుంతలు, టెంటు మేకులు, నీళ్ల ప్యాకెట్లు, హెలికాప్టర్ దిగడానికని పోసి వదిలేసిన మొరం. మా జూనియర్ ఒకమ్మాయి పోల్ దగ్గర తిరగబోయి మేకు మీద కాలేసింది, టీటీ ఇంజెక్షన్ చేయించి ఇంటికి పంపితే ఆ అమ్మాయిని వాళ్ల నాన్న మళ్లీ ఆటకి పంపలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. సభలు వద్దని నేననను. తెలంగాణ ఉద్యమంలో మనమంతా గొంతు కలిపింది ఇలాంటి గ్రౌండ్లలోనే. పాటల ప్రోగ్రాంలూ పెట్టుకోనివ్వండి, పిల్లలకి సరదా. కానీ గ్రౌండ్ తీసుకునేవాళ్ల దగ్గర ముందే గట్టి డిపాజిట్ కట్టించుకుని, గుంతలు పూడ్చి, మేకులన్నీ ఏరి, మళ్లీ రోలర్ తిప్పించాకే తిరిగివ్వాలి. జిల్లా పోటీలకి ముందు పది రోజులు ఎవరికీ ఇవ్వకూడదు.

ఇదే అడుగుతూ దరఖాస్తు రాసి పెట్టాను. ఆదివారం పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉంటాను. పాత ప్లేయర్లు, ఇప్పుడు ఆడే పిల్లల తల్లిదండ్రులు, నడవడానికి వచ్చేవాళ్లు, అందరూ వచ్చి సంతకం పెట్టండి.