పెంగ్విన్‌కి ప్లేబ్యాక్ పాడిన సెయికో మత్సుదా

మాది విజయనగరం. ఈ ఊళ్లో పాట గురించి అభిప్రాయం లేనోళ్లు ఉండరు. ఘంటసాల గారు సంగీతం నేర్చుకుంది ఇక్కడే, సుశీలమ్మ 1935లో పుట్టింది ఇక్కడే, గంటస్తంభం దగ్గర టీ తాగే పెద్దాయన కూడా శ్రుతి తప్పితే టక్కున పట్టేస్తాడు. ఇలాంటి ఊళ్లో జపాన్ ఐడల్ సింగర్ సెయికో మత్సుదా పాటలు వింటున్నాను అంటే "ఏటి, ఆ గౌన్లేసుకుని గెంతే పిల్లల పాటలా" అంటారు. ఐడల్ అంటే ముందు ముఖం, తర్వాతే పాట అని అందరికీ ఒక నమ్మకం. సెయికో మత్సుదా విషయంలో మాత్రం అది నిజం కాదు, అది చెప్పడానికే ఈ పోస్టు.

ముందు లెక్క చెప్పేస్తాను. 1980 ఏప్రిల్‌లో మొదటి రికార్డు వచ్చింది, అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన మూడో సింగిల్ (ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డు) దగ్గర్నుంచి 1988 దాకా వరసగా 24 సింగిల్స్ ఓరికాన్ అనే జపాన్ రికార్డు అమ్మకాల చార్టులో నంబర్ వన్. ఆమె హెయిర్‌స్టైల్‌ని దేశం మొత్తం కాపీ కొట్టింది, పోస్టర్లు, యాడ్లు, టీవీ అన్నీ ఉన్నాయి, కాదనట్లేదు. కానీ అసలు ఆమెని సెలెక్ట్ చేసింది ముఖం చూసి కాదు. 1978లో క్యూషూలో ఒక పాటల పోటీలో పాడింది, వాళ్ల నాన్నకి ఇష్టం లేక ముందుకెళ్లనివ్వలేదు, ఆ పోటీ టేపులు రికార్డు కంపెనీ ప్రొడ్యూసర్ వకమత్సు మునెయో దగ్గరికి చేరాయి, ఆయన క్యాసెట్ వింటూ వింటూ ఈ గొంతు దగ్గర ఆగిపోయాడు. అప్పట్నించి వాళ్ల నాన్నని ఒప్పించే పని మొదలు. అంటే మొదట దొరికింది గొంతే.

నాకు ఈ పాటలు చేరింది మా అప్ప కూతురు వల్ల. శ్రీకాకుళంలో ఇంటర్ చదువుతోంది, కేపాప్ అంటే, అదే కొరియా పాప్ పాటలంటే, ప్రాణం. 2024 జూన్‌లో న్యూజీన్స్ గ్రూపు టోక్యో డోమ్‌లో షో చేసినప్పుడు హన్నీ అనే అమ్మాయి ఒక పాత జపాన్ పాట పాడింది, ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది కదా, అది పట్టుకొచ్చి "మావయ్యా ఓపాలి ఇది ఇను" అంది. విన్నాను, బాగుంది, ఆ తర్వాత ఒరిజినల్ ఎవరిదా అని వెతికితే అదే సెయికో రెండో సింగిల్, 1980 జులైలో వచ్చిన "అవోయి సంగోషో", నీలి పగడాల దిబ్బ.

ఆ పాటకి పల్లవి దాకా ఆగక్కర్లేదు. ఎత్తుకోవడమే పల్లవితో, ఒక పొడుగాటి "ఆ..." తో, నా ప్రేమ దక్షిణపు గాలెక్కి పరిగెడుతోంది అని. అప్పుడామెకి 18 ఏళ్లు. గొంతులో ఏ దాపరికం లేదు, పై స్థాయిలో కూడా సన్నబడదు, రొద ఉండదు, కళింగపట్నం బీచ్‌లో మధ్యాహ్నం పూట ఎదురుగా కొట్టే గాలి ఎలా ఉంటుందో అలా వచ్చి తగులుతుంది. నేను ఫోన్‌లో పెట్టి వంటింట్లో వదిలేస్తే మా అమ్మ (చిన్నప్పుడు వీణ నేర్చుకుంది) కూర తరుగుతూ "ఎవుర్రా ఆ పిల్ల, జారు బలే తీస్తంది" అంది. సరిగ్గా అదే! సెయికో స్వరాన్ని నేరుగా పట్టుకోదు, కొంచెం కింద నుంచి జారుతూ వెళ్లి అందుకుంటుంది, వాక్యం చివర కూడా అలాగే చిన్నగా వదుల్తుంది. జపాన్‌లో తర్వాతొచ్చిన ఐడల్స్ చాలామంది దీన్ని అనుకరించారు. మా అమ్మకి ఆమె ముఖం తెలీదు, భాష తెలీదు, అయినా ఒక్క నిమిషంలో అసలు సంగతి పట్టేసింది.

ఆ తర్వాత 1982 జనవరిలో "అకాయి స్వీట్ పీ", ఎర్ర స్వీట్ పీ పూలు. జపాన్ వాళ్లని అడిగితే చాలామంది ఈ పాటే చెప్తారు, నాకూ ఇదే ఇష్టం. రాసింది మత్సుమోతో తకాషి, ఈయన అంతకుముందు హ్యాపీ ఎండ్ అనే రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్. ట్యూన్ కట్టింది మత్సుతోయా యుమి అనే గాయని, అప్పటికే తనే పెద్ద స్టార్. కానీ రికార్డు మీద పేరు కురెతా కరుహో అని ఉంటుంది, పేరు దాచుకుని ఇంకో అమ్మాయికి పాట కట్టిచ్చింది. కథ చాలా చిన్నది: ఒకమ్మాయి, పరిచయమై ఆరు నెలలైనా చెయ్యి కూడా పట్టుకోని ఒక సిగ్గరి అబ్బాయి, వసంతం రంగున్న రైలెక్కి సముద్రం దగ్గరికి వెళ్లడం, ఏప్రిల్ వాన, స్టేషన్ బెంచీ మీద ఇద్దరే, చుట్టూ ఎవరూ లేరు, ఒక్కసారిగా ఏం మాట్లాడాలో తెలీదు, అతను వాచీ చూసుకుంటే ఈమెకి ఏడుపొస్తుంది. అంతే. నేను పలాస పాసింజర్‌లో వెళ్లేటప్పుడు పొందూరు, సిగడాం లాంటి చిన్న స్టేషన్లలో బండి ఆగితే ఈ పాటే పెడతాను, బెంచీ మీద కాస్త దూరం దూరంగా కూచున్న జంట ఎప్పుడూ ఒకటి కనిపిస్తుంది. ఇక్కడ సెయికో గొంతు మారింది చూడండి, 1980లో ఉన్న ఆ దూకుడు తగ్గించి ఊపిరి కలిపి మెత్తగా పాడింది. సిగ్గుపడే మనుషుల కథ గట్టిగా పాడితే పోతుంది, ఆ సంగతి 19 ఏళ్లకే ఆమెకి తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. 1983లో సంటోరీ క్యాన్ బీర్ యాడ్ ఒకటి వచ్చింది, కార్టూన్ పెంగ్విన్ ఒకటి క్లబ్‌లో మైకు ముందు నిలబడి ఇంగ్లీషులో నెమ్మదిగా పాడుతుంది. మొదట్లో పాడింది ఎవరో పేరు వెయ్యలేదు. జనం విని ఎవరీ గాయని అని అడగడం మొదలెట్టారు, ఎవరో పెద్ద జాజ్ సింగర్ అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పాట "స్వీట్ మెమొరీస్", పాడింది దేశంలో ప్రతి గోడ మీదా పోస్టరున్న సెయికోనే! అంత తెలిసిన మనిషిని ముఖం తీసేసేసరికి పోల్చుకోలేకపోయారు, పోల్చుకోకుండానే పాటని ప్రేమించారు. మనకిది కొత్త కాదు. మనం ప్లేబ్యాక్ మధ్య పుట్టి పెరిగినోళ్లం, తెర మీద ఎవరు పెదాలు కదిపినా సుశీలమ్మ గొంతుని గొంతుగానే విన్నాం, ఆ గొంతుకే ఏడ్చాం. ఐడల్‌కి ఆ అవకాశం ఉండదు, ముఖమూ గొంతూ ఎప్పుడూ కలిపే అమ్ముతారు, అందుకే గొంతుకి రావాల్సిన గౌరవం ముఖం మింగేస్తుంది. ఆ పెంగ్విన్ సెయికోకి ఒక్కసారి ఆ గౌరవం ఇప్పించింది. అందుకే నేననేది, ఈమె పాటలు మొదటిసారి వీడియో లేకుండా వినండి, మనకి చేతనైన పద్ధతిలో.

అన్నట్టు "స్వీట్ మెమొరీస్" మొదట రికార్డుకి బి సైడ్, అంటే వెనకవైపు పాట. ఎ సైడ్‌లో ఉన్నది "గరసు నో రింగో", గాజు యాపిల్, ఇది కూడా మత్సుమోతో రాసిందే, ట్యూన్ అదే హ్యాపీ ఎండ్ బ్యాండ్‌లో ఆయనతో కలిసి వాయించిన హొసోనో హరుఓమిది. పెంగ్విన్ పాట అంత పెద్ద హిట్టయ్యేసరికి దీని గురించి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు, నాకది బాధ. నెమ్మదిగా, ప్రార్థనలా మొదలై పైకి పైకి వెళ్తుంది, చివర్లో ఆమె గొంతు ఎక్కడా తొందరపడదు. మా మేనకోడలికి ఇంకా ఎక్కలేదు, అవోయి సంగోషోనే తిప్పి తిప్పి వింటోంది, మా అమ్మకి మాత్రం ఎక్కేసింది, రోజూ సాయంత్రం అడిగి మరీ పెట్టించుకుంటోంది.